సూదితో కాల్చిన గ్రంథులు

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మాట్లాడని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం మండలాల్లో ఏ అరుగు మీద కూర్చున్నా క్రియాటినిన్ ఎంతుందనే మాట వినపడుతుంది. ఎంతమంది వచ్చి నీళ్లూ మట్టీ రక్తమూ పట్టుకెళ్లి పరీక్షించినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి పేపర్లలో చాలా వచ్చింది. నేను రాసేది దాని వెనక వచ్చే జబ్బు గురించి. డయాలసిస్ మీద కొన్నేళ్లు గడిచాక మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పి ఎముకల్ని తినేయడం గురించి. దాని పేరు నాకు తెలిసేనాటికే మణికట్టు విరిగింది, గుండె బాగా దెబ్బతింది. ఆ తర్వాత ఆపరేషన్‌కి పనికిరావని కూడా చెప్పేశారు.

నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా ఆయనకి కొంచెం జీడితోట, కొన్ని కొబ్బరి చెట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి చాలా చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మిగిలిన వాటి మీదా నా జీతం మీదా ఇల్లు నడిచేది. ఆ తర్వాతే నాకు కాళ్ల వాపులు, పరీక్షలు, డయాలసిస్ సూదుల కోసం చేతికి ఫిస్టులా, వారానికి మూడుసార్లు డయాలసిస్. అప్పట్లో ఆరోగ్యశ్రీ కార్డు మీద డయాలసిస్ ఉచితంగా జరిగేది. నెలకి 10,000 పింఛను మందులకీ రాకపోకలకీ ఆసరాగా ఉండేది. సెంటరుకి పోని రోజుల్లో బడికి పోయేదాన్ని. డయాలసిస్ మీద ఉండి కూడా పని చేసుకోవచ్చు. నేను చేశాను. నన్ను మంచాన పడేసింది ఈ గ్రంథులే.

మొదట దురద. చర్మం మీద ఏమీ ఉండదు, దద్దురు లేదు, పొక్కు లేదు. లోపల్నుంచి పుట్టే దురద. రాత్రి అందరూ పడుకున్నాక మొదలై తెల్లవారే దాకా వదిలేది కాదు. గీరుకుంటే రక్తం వస్తోందని మా ఆయన నా గోళ్లు మొదలంటా కత్తిరించారు. అప్పుడు చెక్క దువ్వెన తీసుకుని వీపు మీద లాక్కునేదాన్ని. ఆ దువ్వెన పళ్ల సందుల్లో రక్తం ఎండి నల్లగా పేరుకునేది. పొద్దున్నే పాత బ్రష్షుతో రుద్ది కడిగి పెట్టుకునేదాన్ని, మళ్లీ రాత్రికి కావాలి గనక.

తర్వాత ఎముకల నొప్పి. కూర్చుని లేవాలంటే తుంటి దగ్గర, మెట్టెక్కాలంటే మోకాలి పైన. బోర్డు పైవరసలో రాయడానికి చెయ్యి లేచేది కాదు. కింది సగంలోనే రాసి, చెరిపి, మళ్లీ అక్కడే రాసేదాన్ని. సెంటర్లో చెబితే, "డయాలసిస్ పేషెంట్లకి ఇవన్నీ మామూలేనమ్మా" అన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మామూలే అనుకుంటూ కూర్చున్న ఆ కాలమంతా నా ఎముకలు కరుగుతూనే ఉన్నాయి.

ఒకరోజు నూతి దగ్గర బకెట్టు ఎత్తబోతే మణికట్టు కటుక్కుమంది. నేను పడలేదు, జారలేదు. ఎత్తానంతే. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూస్తూ విరిగిన చోటు కన్నా వేళ్ల దగ్గరే ఎక్కువసేపు ఆగారు. నన్ను పిలిచి చూపించారు. నడిమి కణుపుల ఎముకల అంచు నున్నగా ఉండాలి. నాకు ఒక పక్కంతా కొరికినట్టు, చిన్నచిన్న గుంటలు పడి గరుకుగా ఉంది. "పీటీహెచ్ ఎప్పుడు చేయించారమ్మా?" అని అడిగారు. ఆ పేరు వినడం అదే మొదలు. రిపోర్టులో 1,860 వచ్చింది. మామూలు మనిషికి 65 దాటకూడదు. డయాలసిస్ వాళ్లకి ఎంతో కొంత ఎక్కువే ఉంటుంది గనక దానికి తొమ్మిది రెట్ల దాకా, అంటే సుమారు 600 దాకా సరిపెట్టుకుంటారు. నాది దానికి మూడు రెట్లుంది.

మా కిడ్నీ డాక్టరు గారు మందుల చీటీ వెనక మెడ బొమ్మ వేసి చెప్పారు. థైరాయిడ్ వెనక, పక్కకి రెండు చొప్పున, కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే అవి పీటీహెచ్ అనే హార్మోన్ వదులుతాయి. ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి తెస్తుంది. కిడ్నీలు పోయినప్పుడు ఫాస్ఫరస్ బయటికి పోయే దారి లేక రక్తంలోనే నిలిచిపోతుంది. విటమిన్ డి ని ఒంటికి పనికొచ్చేలా మార్చేది కూడా కిడ్నీలే కాబట్టి ఆ పనీ ఆగిపోతుంది. తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కాల్షియం చాలట్లేదని గ్రంథులు రాత్రీ పగలూ హార్మోన్ పోస్తూ, పోస్తూ పెరుగుతాయి. కొన్నేళ్లకి కాల్షియం చాలినా ఆగని స్థితికి వస్తాయి. ఎముకల్లోంచి వచ్చిన ఆ కాల్షియం ఫాస్ఫరస్‌తో కలిసి రక్తనాళాల గోడల్లో, గుండె కవాటాల మీద గట్టిపడుతుంది. నా గుండె కవాటం మీద అప్పటికే సున్నం పేరుకుంది. పంపింగ్ 30 శాతానికి పడిపోయింది.

ఫాస్ఫరస్ ఎక్కువుండే తిండి ఏదో రాసిమ్మంటే డైటీషియన్ ఇచ్చిన కాగితం చూసి ఏడుపొచ్చింది. జీడిపప్పు, పాలు, పెరుగు, పప్పులు, ఎండుచేపలు. పొటాషియం వల్ల కొబ్బరినీళ్లు అంతకుముందే మానేశాను. పలాస పక్కన పుట్టి పెరిగిన మనిషి పళ్లెంలోంచి జీడిపప్పూ కొబ్బరీ ఎండుచేపా తీసేస్తే ఇంకేం మిగులుతుంది? అయినా మానేశాను. జీడి కాల్చే రోజుల్లో వీధంతా ఆ వాసనే. మా అత్తగారు గింజలు కొట్టి బద్దలు చాటలో పోస్తుంటే నేను లోపలికి పోయి తలుపేసుకునేదాన్ని. ప్రతి ముద్దతో పాటు సెవెలమర్ బిళ్లలు, తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగుల్లోనే పట్టి ఉంచడానికి. వాటితో పాటు కాల్సిట్రయాల్, ఒంటికి పనికొచ్చే రూపంలోని విటమిన్ డి.

ఆ పైన సినకాల్సెట్. 2004లో అమెరికాలో అనుమతి వచ్చిన బిళ్ల ఇది. రక్తంలో కాల్షియం చాలినంత ఉందని గ్రంథికి అనిపించేలా చేసి హార్మోన్ తగ్గిస్తుంది. చాలామందికి దీనితోనే సరిపోతుంది, కోతా అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు. ఎవరైనా ముందు దీన్ని ఓపికపట్టి వాడి చూడాలి. నాకు మాత్రం పడలేదు. 30 మిల్లీగ్రాములు వేసుకున్న కాసేపటికే కడుపులో తిప్పేది. మోతాదు పెంచితే అన్నం నిలిచేది కాదు. పీటీహెచ్ కొంత దిగేది, బిళ్ల తగ్గించగానే మళ్లీ ఎక్కేది. వాంతులతో మనిషిని సగమయ్యాను. మా అక్క చూడ్డానికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయి, "ఏటమ్మా ఇలాగైపోనావు" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఇక ఆపరేషనే అన్నారు. మెడ కోసి మూడున్నర గ్రంథులు తీసేసి సగం ఉంచుతారు. లేదా నాలుగూ తీసేసి చిన్న ముక్క ముంజేతి కండలో పాతుతారు. చెయ్యి తిరిగిన సర్జన్ దొరికి, ఒళ్లు తట్టుకోగలిగితే దీన్ని మించిన వైద్యం లేదు. ఇప్పటికీ నా నమ్మకం అదే. విశాఖలో సర్జన్ గారు ఒప్పుకున్నారు. మత్తు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. గుండె స్కాన్ రిపోర్టు పైనుంచి కిందికి చదివి, మళ్లీ చదివి, "పూర్తి మత్తు ఇస్తే మీరు లేస్తారని నేను మాటివ్వలేనమ్మా" అన్నారు. ఆవిడ మర్యాదగా చెప్పారు, నిజం చెప్పారు. నన్ను కుంగదీసింది ఆ తర్వాత జరిగింది. కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాసి, మందులు కొనసాగించమని పంపేశారు. ఏ మందులు? కడుపులో నిలవనివే కదా. మరి ఇంకేమైనా చేయొచ్చా అని మేం అడిగితే జవాబు చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

మా అబ్బాయి ఊరుకోలేదు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. నా రిపోర్టులన్నీ తారీకుల వరసలో ఫైలు చేసి, ఆ ఫైలు చంకనబెట్టుకుని వెళ్లి మా కిడ్నీ డాక్టరు గారి ముందు కూర్చున్నాడు. "ఆపరేషన్ చేయలేరు సరే సార్. చేయకుండా ఇంకేం చేస్తారు?" అని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, హైదరాబాదులో థైరాయిడ్ గడ్డల్ని కోయకుండా సూదితో కాల్చే రేడియాలజీ డాక్టరు ఒకరున్నారనీ, పారాథైరాయిడ్‌కీ చేస్తారనీ ఉత్తరం రాసిచ్చారు. వాడు అడక్కపోయి ఉంటే నేనీ మాటలు రాసేదాన్ని కాదు.

హైదరాబాదు డాక్టరు గారు విడమరచి చెప్పారు. మెడకి మాత్రం మొద్దుబారే మందిస్తారు. అల్ట్రాసౌండ్ తెరమీద చూసుకుంటూ సన్నటి సూది గ్రంథిలోకి దింపుతారు. సూది కొసన రేడియో తరంగాలతో వేడి పుట్టించి గ్రంథిని లోపలే చంపేస్తారు. చచ్చిన గ్రంథి అక్కడే ఉండి నెలల మీద కుంచించుకుపోతుంది. మైక్రోవేవ్‌తో చేసే పద్ధతీ ఉంది, చైనాలో డయాలసిస్ రోగులకి ఎక్కువగా దాంతోనే చేస్తున్నారు. మా డయాలసిస్ సెంటర్లో ఎవరో ఆల్కహాలు ఎక్కిస్తారని చెప్పారని నేనడిగాను. అది వీటన్నిటికన్నా పాతదట. 1985లోనే ఇటలీ డాక్టర్లు డయాలసిస్ రోగుల గ్రంథుల్లోకి ఇథనాల్ ఎక్కించి ఫలితం రాశారు, తర్వాత జపాన్‌లో బాగా వాడారు. ఆల్కహాలు గ్రంథి దాటి కారిందంటే పక్కనే ఉన్న గొంతు నరం మాడుతుంది. చుట్టూ కండ అతుక్కుపోయి, తర్వాత కోయాల్సి వచ్చినా కష్టమవుతుంది. వేడి అయితే ఎంతమేర పాకుతోందో తెరమీద కనిపెడుతూ ఆపుకోవచ్చన్నారు.

ఆయన ఏదీ దాచకపోవడం నాకు ధైర్యమిచ్చింది. "గ్రంథిలో కొంత మిగిలిపోయి మళ్లీ పెరగొచ్చు. తీసి పరీక్షకి పంపే ముక్క ఉండదు. గ్రంథి ఛాతీలోకి దిగి ఉంటే నా సూది అందదు. గొంతు బొంగురుపోవచ్చు, కొందరికి అలాగే ఉండిపోవచ్చు. మీ గుండె గట్టిగా ఉంటే నేనే మిమ్మల్ని సర్జన్ దగ్గరికి పంపేవాణ్ణి టీచరుగారూ" అన్నారు. చేతి నరంలోకి మందు ఎక్కించి సెస్టమిబి స్కాన్ తీశారు. నాలుగు గ్రంథులూ మెడలోనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది కుడి పక్క కిందిది, దాదాపు రెండు సెంటీమీటర్లు. ఖర్చుకి తోటలో కొంత తనఖా పెట్టాం. మా ఆయన కాగితాల మీద సంతకం పెట్టి వచ్చి ఆ ఊసే ఎత్తలేదు.

డయాలసిస్ మనిషికి ప్రయాణం కూడా ఒక గండమే. ఇక్కడ డయాలసిస్ అయిన సాయంత్రం పలాసలో రైలెక్కి, రాత్రంతా గొంతు తడుపుకోవడానికి గుక్కెడు గుక్కెడు లెక్కబెట్టుకుని తాగుతూ సికింద్రాబాదులో దిగాం. కాల్చడానికి ముందురోజు అక్కడే మళ్లీ డయాలసిస్, ఈసారి హెపారిన్ లేకుండా. రక్తం గడ్డకట్టనివ్వని ఆ మందు ఒంట్లో ఉంటే సూది దిగిన చోట మెడలో రక్తం ఊరి ఊపిరాడకుండా చేస్తుందట.

భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వంచారు. మెడ మీద జెల్లీ చల్లగా తగిలింది. మొద్దుబారే సూది మంట కాసేపే. తర్వాత ఇంకో సూదితో గ్రంథి చుట్టూ చల్లటి గ్లూకోజు నీళ్లు ఎక్కించారు, గ్రంథికీ గొంతు నరానికీ మధ్య, గ్రంథికీ మెడలోని పెద్ద రక్తనాళానికీ మధ్య ఎడం చేయడానికి. లోపల ఏదో ఉబ్బుతున్నట్టు, మింగుడు పడనట్టు తెలుస్తూ ఉంది. "ఇప్పుడు మాట్లాడుతూ ఉండాలి, ఆపకూడదు" అన్నారు. ఏం మాట్లాడనన్నాను. "పిల్లలకి ఏం చెబుతారో అదే చెప్పండి" అన్నారు. గుణింతం మొదలుపెట్టాను. క కా కి కీ. వేడి ఎక్కుతుంటే నొప్పి మెడలో కాదు, చెవిలోకీ కింది దవడ పళ్లలోకీ పాకింది. పక్కన సిస్టరు నా చెయ్యి పట్టుకుని ఉంది. తెరమీద నల్లటి గ్రంథిలో తెల్లటి బుడగలు లేస్తున్నాయి. ఖ అయింది, గ అయింది. ఘ గుణింతం మధ్యలో నా గొంతు చీలింది. నాకు అర్థమయ్యేలోపే డాక్టరు గారు కాలికింద మీట వదిలేశారు. "చల్లటిది ఇంకా ఇవ్వండి" అని మళ్లీ గ్లూకోజు ఎక్కించారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మళ్లీ ఘ అనమన్నారు. వచ్చింది, గాలిలా వచ్చింది. మిగిలిన కొంచెం నరానికి దూరంగా ఉన్న వైపు నుంచి కాల్చి ఆపేశారు. ఆ రోజు కుడి పక్క రెండూ అయ్యాయి.

మర్నాటికి పీటీహెచ్ 740. దురద నిజంగా తగ్గింది. ఆ రాత్రి నేను నిద్రపోయాను. నిద్రపోయానని మా ఆయన పొద్దున్నే నర్సులందరికీ చెప్పుకొచ్చారు. కానీ గొంతు పోయింది. మాట్లాడితే గుసగుస, నీళ్లు తాగితే పొలమారడం. చెవి ముక్కు గొంతు డాక్టరు ముక్కులోంచి కెమెరా పంపి చూసి, కుడి స్వరతంత్రి కదలట్లేదని చెప్పారు. ఎడమ పక్క గ్రంథులు కూడా చేసేయండి, మళ్లీ ఇంతదూరం రాలేనని నేను కాగితం మీద రాసి బతిమాలాను. డాక్టరు గారు ససేమిరా అన్నారు. కుడి తంత్రి కదలకుండా ఉండగా ఎడమ నరానికీ దెబ్బ తగిలితే రెండు తంత్రులూ మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, గొంతుకి రంధ్రం చేయాల్సి వస్తుంది. ఒక్కసారికి ఒక్క పక్కే చేయడం అందుకే. అప్పుడు ఆయన మీద విసుగొచ్చినా, నన్ను కాపాడిన నిర్ణయం అదే.

మూగదానిలా ఊరికి వచ్చాను. టీచరుకి గొంతు పోతే ఏముంటుంది? ఇంటిదగ్గర ట్యూషనుకొచ్చే పిల్లలకి పలక మీద రాసి చూపించేదాన్ని. వాళ్లు చదివేవాళ్లు, తప్పు చదివితే నేను పలక తట్టేదాన్ని. ఒక పిల్ల అయితే నాతో తనూ గుసగుసగానే మాట్లాడేది. వారాలు గడిచే కొద్దీ మాటకి కొంచెం బలం వచ్చింది. మళ్లీ హైదరాబాదు వెళ్తే, కెమెరా పెట్టి చూసి తంత్రి కదులుతోందని నిర్ధారించుకున్నాకే ఎడమ పక్క కింది గ్రంథిని కాల్చారు. ఎడమ పైది చిన్నది, దాన్ని ఉంచేశారు. ఒంటికి ఎంతో కొంత పీటీహెచ్ ఉండాలి, మొత్తం పోతే ఎముక మళ్లీ కట్టుకోదట.

ఈసారి గొంతుకి ఏమీ కాలేదు, కాల్షియం పడిపోయింది. ఏళ్లతరబడి ఖాళీ అయిన ఎముకలు హార్మోన్ తగ్గగానే రక్తంలోని కాల్షియాన్ని గబగబా లాగేసుకుంటాయి. రెండోరోజు పెదాల చుట్టూ తిమ్మిరి. తర్వాత వేళ్లు కొంకర్లు పోయి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, ఎంత విప్పినా విప్పుకోలేదు. పరీక్షలో 6.4 వచ్చింది, 8.5 పైన ఉండాల్సింది. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి చుక్క చుక్కగా, గుండె గీత మానిటర్‌లో చూస్తూ ఎక్కించారు. డయాలసిస్ నీళ్లలోనూ కాల్షియం పెంచారు. గంటగంటకీ బిళ్లలు. గ్రంథులు కాల్చినప్పటి నొప్పి దీని ముందు ఏమంత కాదు. కోత లేదు గనక చిన్న వైద్యమని ఎవరూ అనుకోవద్దు. గ్రంథిని కోసి తీసినా, కాల్చి చంపినా ఎముకల ఆకలి ఒకటే. ఈ రోజులు ఆసుపత్రిలోనే గడపాలి.

ఇప్పుడు పీటీహెచ్ 430. మొన్నటి దాకా 380 ఉండేది, అంటే మిగిల్చిన గ్రంథి మెల్లగా పెరుగుతోంది. 800 దాటితే మళ్లీ సూది అన్నారు. నేను సిద్ధమే. దురద లేదు. మణికట్టు అతుక్కుంది, కొత్త ఎక్స్‌రేలో వేలి అంచుల గుంటలు కొంత పూడాయి. గుండె కవాటం మీది సున్నం మాత్రం కరగలేదు, కరగదని కూడా చెప్పారు. ఆ పీటీహెచ్ పరీక్ష ఆరు నెలలు ముందు చేసుంటే ఆ సున్నం కొంతైనా తక్కువ పేరుకునేదేమోనన్న బాధ నాకుంది. మా సెంటర్లో ఇప్పుడు నేనే అందరి రిపోర్టులూ అడుగుతాను. ఫాస్ఫరస్ ఎంత, కాల్షియం ఎంత, పీటీహెచ్ ఎప్పుడు చేశారు?

అలా అడుగుతుంటే పక్క మంచం కుర్రాడిది 1,500 అని తేలింది. మందస వైపు వాడు, పెళ్లయి ఎంతో కాలం కాలేదు. కోతంటే భయపడి, హైదరాబాదు డాక్టరు గారి నంబరిమ్మని నా వెంట పడ్డాడు. "సూదితో అయిపోద్ది కదా టీచరమ్మా" అన్నాడు. "నీ గుండె రిపోర్టు తీసుకురా బాబూ, ముందు" అన్నాను. తెచ్చాడు. పంపింగ్ 60. "నువ్వు ఆపరేషనే చేయించుకో. నేను సూదికి వెళ్లింది కోత తప్పించుకోవడానికి కాదు, నా గుండె కోతని తట్టుకోదు గనక" అని చెప్పాను. వాళ్లావిడ ముందు కూడా చెప్పాను. విశాఖలో చేయించుకున్నాడు. నాలుగూ తీసి, ఫిస్టులా లేని చేతిలో ముక్క పెట్టారు. మూడోరోజు రాత్రి ఫోను చేసి, పెదాలు జిమ్ముమంటున్నాయి, వేళ్లు ముడుచుకుపోతున్నాయి, పొద్దున్న డాక్టరు గారు వచ్చేదాకా ఆగనా అన్నాడు. ఆగొద్దు, ఇప్పుడే సిస్టర్‌ని పిలిచి కాల్షియం చూడమను, నేను ఫోను పెట్టను, నువ్వు బెల్లు నొక్కు అన్నాను.